బంగారు కార్డు బాటసారులు

శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్లే దారి తెలుగువాళ్లకు బాగా అలవాటైనది. ముందు నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, దోహాలో పడిగాపులు, ఆ తర్వాత దాదాపు పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఈ దారి పొడవునా వింతలే. కింద గల్ఫ్ నగరాల దీపాలు, సీటు ముందు తెరమీద అంగుళం అంగుళం జరిగే విమానం బొమ్మ, హమద్ విమానాశ్రయం నడిమధ్యలో తలలోంచి దీపం మొలిచిన పసుపుపచ్చ ఎలుగుబంటి. అయితే తీరిగ్గా గమనిస్తే ఇంకా పెద్ద వింత ఆ ఎలుగుబంటి పక్కనుంచి తలెత్తి చూడకుండా నడిచిపోయే మనిషి. నెలకు నాలుగుసార్లు విమానమెక్కే బాపతు. ఏ గేటు దగ్గర ఫోను చార్జింగ్ ఎక్కుతుందో, ఏ బాత్రూమ్ ఖాళీగా ఉంటుందో, ఏ విమానంలో ఏ వరుస పక్కన కిటికీ ఉండదో ఆయనకు కంఠతా వచ్చు. విమానాశ్రయం బయట ఊరెలా ఉంటుందో మాత్రం తెలియదు. ఈ మనిషి అలవాట్లను చూసి నవ్వుకోవడం తేలిక. ఎగరడం మీద మోజనో, డబ్బున్నవాళ్ల డాబనో అనుకుని వదిలేయడం ఇంకా తేలిక. నాకు మాత్రం ఆ రెండూ సరైన సమాధానాలుగా తోచవు. విమానాశ్రయంలో అడుగుపెట్టిన మనిషి చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో ఇంకొకరు చెబుతారు. ఈ చాదస్తాలన్నీ ఆ నిస్సహాయతలో కాస్తయినా పట్టు దొరకబుచ్చుకోవడానికి పడే తంటాలు. ఆ తంటాలను కనిపెట్టి, వాటికి వెల కట్టి, తిరిగి ఆ మనిషికే అమ్ముకుంటున్నవి విమాన సంస్థలు.

మొదట సెక్యూరిటీ దగ్గర చూద్దాం. కొత్త ప్రయాణికుడు ట్రే ముందుకొచ్చాక జేబులు తడుముకోవడం మొదలుపెడతాడు. అలవాటైనవాడికి వరుసలో నిలబడకముందే ఆ పని అయిపోతుంది. పర్సు, వాచీ, బెల్టు, తాళాలు అప్పటికే కోటు జేబులోకి చేరి, జిప్పు పడి ఉంటాయి. ల్యాప్‌టాప్ బ్యాగులో పై అరలోనే ఉంటుంది, ఒక్క లాగుతో బయటికొస్తుంది. ముందు కోటు ట్రే, వెనక ల్యాప్‌టాప్ ట్రే, ఆఖరున బ్యాగు. అవతల బూట్లు తొడుక్కుని కోటు వేసుకునేసరికి మిగతావి ఒక్కొక్కటే వరసగా వస్తాయన్నమాట. వరుసను ఎంచుకోవడంలోనూ లెక్కుంది. చంటిపిల్లల బండి ఉన్న కుటుంబం వెనక నిలబడడు, చేతిలో ఒక్క బ్యాగున్న ఒంటరి మనిషిని వెతుక్కుంటాడు. ఇది చాదస్తంలా కనిపించినా ప్రతి పట్టింపు వెనకా ఒక తేదీ ఉంది. 2001 డిసెంబరులో ఒకడు బూట్లలో పేలుడు పదార్థం పెట్టుకుని అమెరికా విమానమెక్కాడు. ఆ తర్వాత అక్కడ బూట్లు విప్పడం మామూలైపోయింది. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక, చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు మించిన సీసా ఉండకూడదన్నారు. మన దగ్గర 2017 దాకా చేతిసంచికి కట్టిన కాగితం ట్యాగు మీద ముద్ర పడకపోతే గేటు దగ్గర్నుంచి వెనక్కి పంపేవారు. చేతిసంచిలో కొబ్బరికాయ కూడదనే నిబంధన ఉన్నా, 2024 శబరిమల సీజనులో అయ్యప్పల ఇరుముడికి కొద్దినెలల మినహాయింపు దొరికింది. నిబంధనలు ఇలా వస్తూ పోతూ ఉంటాయి. మనిషికి మాత్రం ఒకసారి పట్టుకున్న అలవాటు వదలదు. బూట్లు విప్పే నియమాన్ని అమెరికా 2025 జూలైలో ఎత్తేసింది. అయినా లేసుల్లేని బూట్లతోనే బయల్దేరేవాళ్లకు కొదవ లేదు. నియమం ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరికి తెలుసు?

ఇదంతా కోటు వేసుకున్న ఉద్యోగుల గోల అనుకునేవాళ్లు చెకిన్ కౌంటరు ముందు కాసేపు నిలబడాలి. ఏటా అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, ఆరునెలలకు మించకుండా ఉండి తిరిగొచ్చే తల్లిదండ్రులు అక్కడ కనిపిస్తారు. తరచూ ఎగిరేవాళ్లకు విమాన సంస్థలిచ్చే బంగారు కార్డు వాళ్లకు లేదు, వెండి కార్డూ లేదు. చాదస్తంలో మాత్రం ఎవరికీ తీసిపోరు. ఇరవైమూడు కిలోల పెట్టెను ఇంట్లో కొక్కెం త్రాసుకు వేలాడదీసి మూడుసార్లు తూచి ఉంటారు. ఆవకాయ సీసాకు ప్లాస్టిక్ కవరు, దానిమీద టేపు, ఆ పైన పాత లుంగీ. అరకిలో పెరుగుతుందేమోనని సున్నుండలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుతూనే ఉంటాయి. ఇక వీల్‌చెయిర్ సంగతి. ఇంటి దగ్గర రోజూ పార్కులో నాలుగు చుట్లు నడిచే పెద్దాయన కూడా ఇక్కడ వీల్‌చెయిర్ అడుగుతాడు. అడిగేది కాళ్ల కోసం కాదు. దోహాలో గేటు ఎక్కడుందో వెతుక్కోవడం, ఇమ్మిగ్రేషన్‌లో ఇంగ్లీషు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం, మధ్యలో విమానం తప్పిపోతే దిక్కెవరన్న భయం. వీల్‌చెయిర్ అడిగితే దాన్ని నెట్టే మనిషి తోడొస్తాడు, దారి ఆయన చూసుకుంటాడు, క్యూలు తప్పుతాయి. నిజంగా నడవలేనివాళ్లకు కుర్చీ దొరకకుండా పోతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే, దాన్ని కాదనలేం. కానీ ఇందులోని తర్కాన్ని గమనించండి. మైళ్లు కూడబెట్టి ప్లాటినం కార్డు సంపాదించిన ఉద్యోగికి దక్కేదీ ఇదే కదా, చిన్న క్యూ, కాస్త మర్యాద, చెయ్యిపట్టి నడిపించే మనిషి. ఇద్దరూ నిబంధనల్లో దొరికిన సందులోంచి దూరి, పోయిన అధికారాన్ని పిసరంత వెనక్కి తెచ్చుకుంటున్నారు. కాబట్టి ఈ చాదస్తానికి మూలం డబ్బూ కాదు, హోదా మీద యావ కూడా కాదు. అవి తర్వాత వచ్చి చేరేవి.

చేరేది ఎక్కడంటే, లాంజ్‌లో. ఒకప్పుడు అది నిజంగా తరచూ ఎగిరేవాళ్లకే దక్కే చోటు. ఇప్పుడు మన విమానాశ్రయాల్లో రకరకాల క్రెడిట్ కార్డులు, డెబిట్ కార్డులు గీకితే తలుపు తెరుచుకుంటుంది. దాంతో లాంజ్ బయట ఓ క్యూ తయారైంది. క్యూలు తప్పించుకోవడానికి కట్టిన గదిలోకి వెళ్లడానికి క్యూ. లోపల అర్ధరాత్రి రెండింటికి ఇడ్లీ, ఉప్మా, పక్కనే పాస్తా ఉంటాయి. ఆకలి వేసి కాదు, వదిలేస్తే నష్టపోతామేమోనని తినేవాళ్లే ఎక్కువ. విమానంలో భోజనం వస్తుందని తెలుసు, తెలిసీ తింటారు. నిజానికి ఈ అలవాటులో మాత్రం కొంత శాస్త్రముంది. పైన క్యాబిన్‌లో గాలి పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, తేమ బాగా తక్కువ. నాలుకకు ఉప్పూ తీపీ సరిగ్గా తెలియవు. జర్మనీలో లుఫ్తాన్సా కోసం చేసిన పరీక్షల్లో ఈ సంగతి తేలింది, నేలమీద టమాటా రసం ముట్టనివాళ్లు విమానంలో ఎందుకు అడిగి తాగుతారో కూడా. తెలుగువాళ్లు ఏ పరీక్షలూ చేయకుండానే ఈ చిక్కుకు విరుగుడు కనిపెట్టేశారు. కందిపొడి పొట్లం ఒకటి చొక్కా జేబులో ఉంటుంది.

అసలు నాటకం గేటు దగ్గర. డల్లాస్‌లో దిగి అమెరికా లోపల ఇంకో ఊరికి విమానమెక్కేవాళ్లకు ఇది బాగా అనుభవమే. అక్కడి పెద్ద సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులను తొమ్మిది గ్రూపులుగా పిలుస్తుంది. వాటిలో సగం ఏదో ఒక ప్రత్యేకత పేరు చెప్పుకున్నవే. ఆ తొమ్మిదింటికీ ముందు, ఆహ్వానం మీద తప్ప దక్కని ఇంకో వర్గం కూడా ఉంది. ఒకటో గ్రూపును పిలవక ముందే అయిదో గ్రూపు మనుషులు వచ్చి గేటు చుట్టూ మూగుతారు. ఈ మూక ఎంత ముదిరిందంటే, వంతు రాకముందే పాసు చూపిస్తే యంత్రం కూతపెట్టే ఏర్పాటును ఆ సంస్థ 2024లో వంద పైచిలుకు విమానాశ్రయాల్లో పెట్టింది. అందరూ కూర్చునేదాకా కదలని విమానంలోకి ఎగబడి ముందెక్కడం దేనికన్న ప్రశ్న సహజం. తలపైన అరలో సూట్‌కేసు పెట్టుకునే చోటు కోసం. పెట్టెలు కింద వేయడానికి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టాక అందరూ పైకే తెస్తున్నారు, అరలు నిండిపోతున్నాయి. అంటే కొరతను పుట్టించింది సంస్థే, కొరత తీర్చే హక్కును వరుస నంబరుగా అమ్మేదీ సంస్థే. వేగంగా ఎక్కించే దారి లేకనా అంటే, ఉంది. జేసన్ స్టెఫెన్ అనే భౌతిక శాస్త్రవేత్త 2008లోనే లెక్కగట్టి చూపించాడు. కిటికీ సీట్ల వాళ్లను ముందుగా, ఒక వరుస విడిచి ఒక వరుసగా ఎక్కిస్తే చాలా సమయం కలిసొస్తుంది. ఆ పద్ధతిలో గ్రూప్ వన్ అనేది మిగలదు. అందుకే ఏ పెద్ద సంస్థా దాని జోలికి పోలేదనుకోవచ్చు. తిరుమలలో సర్వదర్శనమైనా, మూడువందల రూపాయల టికెట్టయినా, బ్రేక్ దర్శనమైనా లోపలున్న దేవుడు ఒక్కడే. తేడా అంతా ఎంతసేపు నిలబడ్డామన్న దానిలోనే. విమానం కూడా అందరినీ ఒకే నిమిషంలో డల్లాస్‌లో దించుతుంది. అయినా వరుసలు మనుషుల మనసుల్ని మార్చేస్తాయి. కేథరిన్ డీసెల్స్, మైకేల్ నార్టన్ 2016లో ప్రచురించిన పరిశోధనలో, ముందు భాగంలో ఫస్ట్‌క్లాస్ ఉన్న విమానాల్లో ఎకానమీ ప్రయాణికుల గొడవలు ఎక్కువని తేలింది. ఆ ముందు భాగంలోంచి నడిచి వెనక్కి వెళ్లాల్సివస్తే గొడవలు మరీ ఎక్కువట.

ఈ వరుసల విద్య పుట్టిల్లు కూడా డల్లాస్ ప్రాంతమే కావడం ఈ దారికి ఒప్పింది. 1978లో అమెరికా ప్రభుత్వం విమానయానంపై నియంత్రణ ఎత్తేసింది. చార్జీల పోటీ మొదలైంది. ఒక సంస్థ సీటుకూ ఇంకో సంస్థ సీటుకూ తేడా తెలియని చోట ప్రయాణికుణ్ని కట్టిపడేయడం ఎలా? అప్పటికి కొత్తగా న్యూయార్క్ నుంచి డల్లాస్ ప్రాంతానికి మకాం మార్చిన అమెరికన్ ఎయిర్‌లైన్స్, తన సేబర్ రిజర్వేషన్ కంప్యూటర్లో పదేపదే కనిపించే ఫోన్ నంబర్లను వెతికి, ఎవరు ఎక్కువగా ఎగురుతున్నారో పట్టుకుంది. 1981 మే 1న ఆడ్వాంటేజ్ పథకం వచ్చింది. ఎగిరిన మైళ్లన్నీ ఖాతాలో జమ, కొన్ని జమయ్యాక ఉచిత టికెట్. కొద్దిరోజుల్లోనే యునైటెడ్ కూడా అదే బాట పట్టింది. అదే 1981లో అమెరికన్ ఇంకో ప్రయోగం చేసింది. రెండున్నర లక్షల డాలర్లు కడితే జీవితాంతం ఎన్నిసార్లయినా ఫస్ట్‌క్లాసులో తిరగొచ్చు. కొన్న కొద్దిమందిలో ఒకాయన పదివేలకు పైగా ప్రయాణాలు చేశాడు. నష్టం లెక్క తేలాక 2008లో సంస్థ ఆయన పాసు రద్దుచేసింది, వ్యవహారం కోర్టుకెక్కింది. ఈ రెండు పథకాల మధ్య తేడాలోనే మొత్తం కథ ఉంది. అడ్డులేని హక్కు ఇస్తే మనిషి వాడుకుంటాడు, సంస్థ మునుగుతుంది. అందీ అందని హక్కు ఇస్తే మనిషి దాని వెంట పరుగెడతాడు, సంస్థ బాగుపడుతుంది.

ఇక్కడో అభ్యంతరం వస్తుంది. ఉచితంగా టికెట్లొస్తుంటే వెంటపడడం తెలివే గానీ చాదస్తమెలా అవుతుందని. కొన్ని సందర్భాల్లో నిజంగా తెలివే. 1999లో కాలిఫోర్నియా ఇంజనీరు ఒకాయన, ఒక ఆహార సంస్థ తన సరుకుల బార్‌కోడ్లకు మైళ్లు ఇస్తోందని చూసి, పావు డాలరుకు దొరికే పుడ్డింగ్ కప్పులు 12,150 కొన్నాడు. అన్నిటి మీదా బార్‌కోడ్లు ఊడదీయడం ఒంటరి వల్ల కాదు గనుక, పుడ్డింగ్‌నంతా ఒక సేవాసంస్థకు దానమిచ్చి, అక్కడి కార్యకర్తల చేత ఊడదీయించుకున్నాడు. మూడువేల డాలర్ల పైచిలుకు ఖర్చుకు పన్నెండున్నర లక్షల మైళ్లు, పైగా దానానికి పన్ను మినహాయింపు, జీవితాంతపు గోల్డ్ హోదా. ఆయన్ని చూసి నవ్వాల్సిన పనిలేదు, చెయ్యి కలపాలి. కానీ డిసెంబరు నెల ప్రయాణాలకు ఈ లెక్క కుదరదు. ఏడాది ముగిసేలోగా హోదా నిలబెట్టుకోవడానికి ఇంకో నాలుగువేల మైళ్లు తక్కువైతే, పని లేకపోయినా ఎక్కడికో ఎగిరి, విమానాశ్రయం దాటకుండా తిరిగొచ్చేవాళ్లున్నారు. జపాన్‌లో ఇందుకోసమే టోక్యో నుంచి ఒకినావా వెళ్లి, దిగి, వెంటనే వెనక్కొచ్చేవాళ్ల సంఖ్య తక్కువేం కాదు. వాళ్లను అక్కడ తపస్సు చేసే సన్యాసులని పిలుస్తారు. ఈ తపస్సుకు దక్కే ఫలం ఏమిటంటే వచ్చే ఏడాది ప్రయాణాల్లో కాస్త సుఖం. వచ్చే ఏడాది అంత తిరగని మనిషికి ఆ సుఖంతో పనేముంది? దీని వెనకున్న మనస్తత్వం కొత్తదేం కాదు. 2006లో కాఫీ దుకాణం స్టాంపు కార్డుల మీద చేసిన ఒక అధ్యయనంలో, గురి దగ్గరపడేకొద్దీ జనం కాఫీలు తొందర తొందరగా కొన్నారు. పది గడుల కార్డు ఇచ్చినవాళ్లకంటే, పన్నెండు గడుల్లో రెండు ముందే కొట్టి ఇచ్చినవాళ్లు త్వరగా పూర్తిచేశారు. రెండింటిలోనూ కొనాల్సినవి పదే. విమాన సంస్థల యాప్‌లో నిండుతూ కనిపించే ఆ గీత చేసే పని ఇదే.

అంత చేసీ మనిషి సంపాదించేది ఎంత పెళుసైనదో కూడా చూడాలి. మైళ్లు డబ్బులా కనిపిస్తాయి గానీ వాటి విలువ నిర్ణయించేది సంస్థ ఒక్కటే. నిన్న ముప్ఫై వేల మైళ్లకొచ్చిన టికెట్‌కు ఇవాళ నలభై వేలు అడిగినా అడిగే దిక్కులేదు. మన దేశంలో 2012లో కింగ్‌ఫిషర్ ఎగరడం ఆగిపోయినప్పుడు దాని క్లబ్బు పాయింట్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ ఆ మరుసటేడు, ఎంత దూరం ఎగిరారన్నది పక్కనబెట్టి ఎంత ఖర్చుపెట్టారన్న దాన్నిబట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. పేరు మైలే, కొలిచేది మాత్రం డాలరు. ఇప్పుడు కిరాణా కొట్లో క్రెడిట్ కార్డు గీకినా మైళ్లొస్తాయి, గాల్లోకి లేవనక్కర్లేదు. సంస్థలకు ఇది ఎంత లాభమో కరోనా కాలంలో అందరికీ తెలిసింది. విమానాలు నేలమీద పడి ఉన్న 2020లో యునైటెడ్ తన మైళ్ల పథకాన్నే తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాయి. 2021లో అమెరికన్ 1000 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. విమానాల కంటే ప్రయాణికుల చాదస్తం మీద అప్పిచ్చినవాళ్లకు నమ్మకం ఎక్కువన్నమాట. పట్టు కోసం మనిషి మొదలుపెట్టిన ఆట ఆఖరుకు ఆ మనిషినే పట్టులో ఉంచుకుంది.

ఇంత తిట్టాక, ఇందులో నవ్వేదేముంది, భూమి వేడెక్కుతుంటే అనేవాళ్లకూ జవాబు చెప్పాలి. వాళ్ల మాటలో బలముంది. 2020లో స్టెఫాన్ గాస్లింగ్, ఆండ్రియాస్ హుంపే వేసిన లెక్కల్లో, ప్రపంచ జనాభాలో ఒక్కశాతానికి మించని జనమే ప్రయాణికుల విమానాల కర్బన ఉద్గారాల్లో సగానికి కారణం. బ్రిటన్‌లో 2019లో వాతావరణ మార్పు కమిటీ కోసం రాసిన ఒక నివేదిక మైళ్ల పథకాలనే నిషేధించాలని సూచించింది. కానీ దీనికి మైళ్లు కూడబెట్టే మనిషినే దోషిని చేస్తే లెక్క తప్పుతుంది. అమెరికాలో కన్సల్టెంట్లుగా పనిచేసే తెలుగువాళ్లను చూడండి. సోమవారం తెల్లవారుజామున డల్లాస్‌లో విమానమెక్కి క్లయింటు ఊరు చేరి, మూడు రాత్రులు హోటల్లో పడుకుని, గురువారం సాయంత్రం ఇల్లు చేరే జీవితం ఎంతోమంది ఏళ్ల తరబడి గడిపారు. ఆ ప్రయాణం వాళ్లు కోరి చేసింది కాదు, డబ్బు కట్టింది క్లయింటు. పిల్లల పుట్టినరోజుల మధ్య, పండగల మధ్య పోయిన ఆ రాత్రులకు పరిహారంగా వాళ్ల చేతికి దక్కింది మైళ్లు, ఒక బంగారు రంగు కార్డు. దాన్ని వాళ్లు భద్రంగా చూసుకుంటే తప్పుపట్టలేం. అనవసరంగా ఎగిరించేవి రెండు, మనిషిని పిలిపించుకునే ఆఫీసులు, హోదాకు గడువు పెట్టే సంస్థలు. నవ్వు మనిషి మీద ఉండొచ్చు, నింద మాత్రం అక్కడే ఉండాలి.

ఇన్ని సాక్ష్యాల తర్వాత నా తీర్పు ఇది. క్యూ ఎంచుకోవడం, ట్రేలు వరసగా పెట్టుకోవడం, పొడి పొట్లం దాచుకోవడం, పెట్టె మూడుసార్లు తూచుకోవడం, ఇవి మనిషి తన కోసం కనిపెట్టుకున్న అలవాట్లు. ఎవరికీ నష్టం లేదు, హాయిగా కొనసాగించవచ్చు. హోదా కోసం చేసే అదనపు ప్రయాణం ఇంకొకరి ఖాతా పుస్తకం కోసం చేసే చాకిరీ. డిసెంబరులో యాప్‌లోని గీత ఇంకొంచెమే అని ఊరించినప్పుడు ఫోను పక్కన పెట్టేయండి. ఖాతాలో మైళ్లుంటే వాటిని దాచకండి, ఏటికేడు వాటి విలువ తగ్గడమే గాని పెరగదు. శంషాబాద్‌లో కొక్కెం త్రాసుతో తంటాలు పడుతున్న అమ్మానాన్నలకు ఈసారి ఆ మైళ్లతో కాళ్లు చాపుకుని పడుకునే సీటు తీసుకోండి.